ఆర్మాండ్ బావ విసిరిన టోపీ

కెనడాలోని మా సడ్‌బరీలో, ఐస్ హాకీ మైదానంలో మంచును నున్నగా చేసే బండి నడిపినవాడు మా అక్క మొగుడు ఆర్మాండ్. ఉద్యోగం నుంచి దిగాడు గానీ ఆ బండి మీంచి మాత్రం దిగలేదు. నోరు తెరిస్తే హాకీ, మూసుకుంటే మనసులో హాకీ.

ఊరు మాత్రం ఆయన కోసం ఆగలేదు. మా వీధిలో గ్యారేజీ తలుపు పైన బాస్కెట్‌బాల్ వల లేని ఇల్లు బావదొక్కటే. పిల్లలు వాకిట్లో మంచు ఎత్తిపోసి మరీ ఆడుతున్నారు. టొరంటో బాస్కెట్‌బాల్ జట్టు కప్పు గెలిచినప్పుడు ఊరంతా రోడ్డెక్కి గంతులేస్తుంటే, బావ టీవీ కట్టేసి ముసుగుతన్నాడు.

"పొడుగాళ్లు బుట్టలో బంతి పడేయడం కూడా ఒక ఆటేనట్రా?" అనేవాడు.

"మొట్టమొదట ఆ బుట్ట కట్టి ఆట కనిపెట్టినాయన మన ఒంటారియోలో పుట్టినవాడే బావా."

"పుట్టాడులే. ఇక్కడ కడితే తంతారని అమెరికా పోయి కట్టాడు."

ఇంత మాటన్న మనిషికి మనవరాలు మాయెల్ సరిగ్గా ఆ ఆటలోనే తేలింది. స్కూలు జట్టుకి కెప్టెన్ కూడా. ఏటా ఆటకి రమ్మనేది, ఏటా బావకి సమయానికి నడుం నొప్పి వచ్చేది. కిందటి ఫిబ్రవరిలో పిల్ల తెగేసి చెప్పింది.

"తాతా, శనివారం ఫైనల్. స్కూల్లో నాకిదే ఆఖరేడు. ఈసారి కూడా నడుమన్నావంటే ఇంక నిన్ను దేనికీ పిలవను."

బావ మొహం వాడిపోయింది. నాకూ ఒళ్లు మండింది. "ఉన్నది ఒక్క మనవరాలు. దాన్నీ పోగొట్టుకుంటావా?" అని అరిచాను.

శనివారం వచ్చాడు. ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని నా పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. ఆట మొదలైంది. మాయెల్ ఒక బుట్ట వేసింది. కాసేపటికి రెండోది. మూడోది పడగానే బావ చటుక్కున లేచి, టోపీ ఊడదీసి మైదానంలోకి విసిరేశాడు!

హాకీలో ఒక్కరే మూడు గోల్స్ కొడితే చూసేవాళ్లు టోపీలు విసరడం మావాళ్ల ఆనవాయితీ. బాస్కెట్‌బాల్‌లో మూడు బుట్టలు పడేసరికి జనం ఇంకా కుర్చీల్లో సర్దుకుంటూనే ఉంటారు.

రిఫరీ ఈల వేసి ఆట ఆపేసింది. "ఇంకోటి పడిందంటే శిక్ష మీ జట్టుకే," అని మావైపు వేలు చూపించింది. హాలంతా గొల్లుమంది. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"పదరా పోదాం. పిల్ల పరువు తీశాను," అంటూ లేచాడు.

అప్పటికే మాయెల్ టోపీ పట్టుకుని మా ముందు నిలబడింది. "ఎక్కడికి? మూడు బుట్టలకోసారి విసిరితే నువ్వు టోపీల కొట్టు పెట్టాలి తాతా."

"తెలీక వేశానే తల్లీ. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరెవరో విసిరిన టోపీలు మంచు మీంచి ఏరాను. మనవాళ్ల కోసం నేనూ ఒకటి విసరాలని ఉండేది. ఆగలేకపోయాను."

ఇన్నేళ్లు బావ పక్కనే తిరిగాను, ఆ కోరిక సంగతి నాకే తెలీదు. మాయెల్ నవ్వు ఆగిపోయింది. టోపీ ఆయన తలకి తొడిగి, రెండు చేతులతో కిందికి లాగింది. "కూర్చో. చివరిదాకా కదలకు," అని పరుగెత్తింది.

ఆ తర్వాత ఏం ఆడింది పిల్ల! చివరి బుట్ట కూడా తనదే. గంట మోగింది, గెలిచాం. ఇంక శిక్ష వేసేదెవరు? నా టోపీ తీసి విసిరాను. నా వెనకాయన విసిరాడు. చలికాలం కదా, హాల్లో టోపీ లేని తల లేదు. క్షణంలో మైదానం కనబడకుండా పోయింది. బావ మళ్లీ విసిరాడు, ఈసారి ఈలేసి మరీ.

అంతలోనే పాత అలవాటు లాక్కెళ్లింది. మెట్లు దిగిపోయి టోపీలు ఏరడానికి వంగాడు. మాయెల్ వచ్చి చెయ్యి పట్టుకుని ఆటగాళ్ల బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఇవాళ ఏరేది నేను. నువ్వు కూర్చుని చూడు."

చెమటతో తడిసిన పిల్ల వంగి వంగి టోపీలు ఏరుతుంటే, బావ కళ్లు తుడుచుకుంటూ అరిచాడు: "ఆ మూల ఇంకోటుందే!"