చిన్నదొర తప్పులు

నేను ఆముదం సీసా మూత తీస్తే ఇంట్లో వాళ్లందరూ ముక్కు మూసుకుంటారు. మోకాళ్లకు రాసుకోవడానికని తెప్పించుకునే ఆ సీసాను మా అమ్మాయి వంటింటి గడప తొక్కనివ్వదు. నా మంచం కింద, పాత చెప్పుల పక్కన దానికి చోటు. నాకు మాత్రం ఆ జిడ్డు వాసన తగలగానే తడి ఇసుక గుర్తొస్తుంది, ఇసుకతో పాటు మా నాయిన చేతులు గుర్తొస్తాయి, ఆ వెంటనే ఎడమ చెంప మీద వేడి పుడుతుంది. ఎనభై దాటిన చెంప అది. అయినా వేడి పుడుతూనే ఉంది.

మాది నకిరేకల్ నుంచి తిరుమలగిరి పోయే దిక్కున రాళ్ల నేల. తొలకరికి ఆముదం, జొన్న వేసేవారు. అనుములు గట్ల మీద పాకేవి. వానలు వెనకపట్టేసరికి గుట్టంతా తంగేడు పూసి పచ్చగా మెరిసేది, సీతాఫలాలు కళ్లు విప్పేవి, వాటిని గడ్డిలో మాగబెట్టి పండ్లయ్యాయో లేదో అని రోజుకు పదిసార్లు నొక్కి చూసి పాడుచేసుకునేవాళ్లం. ఊరి నడుమ కోటలాంటి దొర ఇల్లు, గడి ఉండేది. ఊరి చివర మా వాడ. గడి ముందు నుంచి పోవాలంటే మా వాళ్లు చెప్పులు చేతిలో పట్టుకుని, తలగుడ్డ విప్పి పోయేవాళ్లు. మాకు సొంత చెక్క భూమి లేదు. ఇంటికొకరు గడికి వెట్టి చెయ్యాలి.

మా నాయిన పెళ్లికి ముందే లష్కర్, అంటే సికింద్రాబాద్ పోయి, అక్కడ తెల్ల దొరలు గోల్ఫు ఆడే మైదానంలో పన్నెండేళ్లు పని చేశాడు. వాళ్ల కర్రల సంచి మోయడం, పోయిన బంతులు వెతికి తేవడం, గుంటల చుట్టూ నేలను సాపు చెయ్యడం ఆయన పని. రోలరు కింద పడి పాదం నలిగాక ఊరికి వచ్చేశాడు. వస్తూ వస్తూ, పిడి పగిలిందని ఎవరో పారేసిన ఇనుప మూతి కర్ర ఒకటి తెచ్చుకున్నాడు. దాని పిడికి తోలు చుట్టి, తుప్పు పట్టకుండా వారానికోసారి ఆముదం రాసి, చూరులో దోపేవాడు. వాడకట్టు పిల్లలకు అదొక వింత. మా అమ్మకు మాత్రం ఒళ్లు మంట, "గా కట్టె కాలు దీస్కున్నది, ఇంకా దానికి నూనె గావాల్నా?" అనేది.

కాలు తీసుకున్న ఆ కర్ర వల్లే దొరకు మా నాయినతో అవసరం పడింది. పట్నంలో చదువుకునే చిన్నదొర, అంటే దొర ఒక్క కొడుకు, అక్కడ గోల్ఫు మోజులో పడ్డాడు. అక్కను చేసుకోబోయే బావతో ఆడి ఓడిపోయాడు. ఆ బావ నలుగురిలో ఎగతాళి చేశాడు. దసరాకు ఆ పెళ్లికొడుకు గడికి వస్తున్నాడు, ఈసారి మన ఊళ్లోనే ఆడి గెలవాలి అని తండ్రీ కొడుకులు పట్టుబట్టారు. గడి వెనక బీడు చదును చేయించారు. మా వాడ ఆడవాళ్లు వాగు నుంచి తట్టలతో ఇసుక మోశారు. మా నేలలో మెత్తని గడ్డి ఎక్కడిది? అందుకని ఇసుకలో ఆముదం కలిపి తొక్కి, చాపలా పరిచి, నడుమ పగిలిన కుండ మూతి పాతిపెట్టేవాడు మా నాయిన. అటువంటివి ఆరు. ఆయన నూనెలో, ఇసుకలో మోచేతుల దాకా మునిగి పని చేస్తుంటే, నేను రాళ్లు ఏరేదాన్ని. అప్పుడు నాకు పదేళ్లు.

అదే ఏడు మాఘంలో గడిలో పెళ్లి. దొర బిడ్డ అత్తారింటికి పోయేటప్పుడు బిందెలు, బర్రెలతో పాటు మా వాడ నుంచి ఒక ఆడపిల్లను కూడా బండెక్కించి పంపడం ఆనవాయితీ. జీవితాంతం ఆ ఇంట్లోనే ఉండి, వాళ్లు చెప్పిందల్లా చెయ్యాలి. వెనకటి పెళ్లికి మా మేనత్త పోయింది. మళ్లీ ఒక్కసారే వచ్చింది, మా అవ్వ చచ్చిపోయినప్పుడు. రెండు రోజులు ఉండి ఎవరి మొహంలోకీ చూడకుండా పోయింది. ఈసారి నన్ను పంపాలని గడిలో అనుకున్నారట. ఆ మాట విన్న రోజు మా అమ్మ పొయ్యి మీద జొన్న గట్క మాడుతున్నా దించలేదు.

మా నాయిన దొర కాళ్ల మీద పడ్డాడు. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను.

"బాంచెన్ దొరా, ఒక్క బిడ్డ. ఇడిచిపెట్టుండ్రి."

దొర హుక్కా గొట్టం పక్కన పెట్టి, కాస్త ఆలోచించి, నవ్వాడు. "పోరగాడు గెలిస్తే నీ బిడ్డ నీ ఇంట్ల ఉంటది. ఓడితే బండ్ల కూసుంటది. పో, నేర్పు."

నేర్పడం ఎట్లా? చిన్నదొరది ఒకటే జబ్బు. కర్ర బంతికి తగలకముందే, అది ఎక్కడ పడుతుందో చూద్దామని తల పైకెత్తేవాడు. కర్ర బంతి నెత్తి గీకేది, బంతి కప్పలా నాలుగు గంతులేసి ఆగేది. నాయినకు అది తెలుసు. కానీ దొర చెయ్యి పట్టుకుని సరిచేద్దామంటే మా చెయ్యి దొర చేతికి తగలకూడదు. నోటితో చెబుదామంటే, దొరది తప్పు అనే మాట మా నోట రాకూడదు. పన్నెండేళ్లు తెల్లవాళ్ల ఆట చూసి వచ్చిన మనిషి, పాడు దెబ్బ పడ్డ ప్రతిసారీ చేతులు కట్టుకుని, "మంచిగ వడ్డది దొరా, గాలి ఎదురొచ్చింది" అనేవాడు. నెల రోజులు గాలి మీద నింద వేస్తూనే ఉన్నాడు. దసరా దగ్గర పడుతోంది. ఆయన తిండి తగ్గిపోయింది.

ఒకనాడు చిన్నదొర నీళ్లు తాగడానికి చెట్టు కిందికి పోయినప్పుడు, నేను మా నాయిన కర్ర తీసుకుని, తుమ్మ మొద్దుతో చెక్కిన బంతి ఒకటి పెట్టి, చిన్నదొర కొట్టినట్టే కొట్టాను. అదే వంకర, అదే తల ఎత్తడం. ఆకతాయితనం తప్ప మరోటి కాదు. చిన్నదొర చూశాడేమోనన్న భయంతో మా నాయిన ప్రాణం పోయినంత పనై నా మీద ఎగిరాడు.

"తలకాయెందుకు లేపుతున్నవే? బంతి యాడికి వోతే నీకేంది? ఉన్నకాడ సూడు! కొట్టినంక గూడ గా జాగనే సూడు!"

చిన్నదొర చెంబు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. తర్వాత వచ్చి కొట్టాడు. తల దించే కొట్టాడు. బంతి ఆముదం చేను మీదుగా పోయి తాటిచెట్ల దగ్గర పడింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాక నాయిన, "రేపు గూడ గట్లనే కొట్టాలె బిడ్డా" అన్నాడు.

అప్పటి నుంచి అదే మా బడి. చిన్నదొర ఒక దెబ్బ కొట్టేవాడు, నాయిన మెచ్చుకునేవాడు. "లచ్చీ, ఇప్పుడు నువ్వు" అనేవాడు. చిన్నదొర మోచెయ్యి వంగితే నేను మోచెయ్యి వంచాలి, ఆయన కాలు జారితే నేను కాలు జార్చాలి. తిట్లు నాకు. "కట్టెను గొంతు పిసికినట్టు వట్టకు, పిట్టపిల్లను వట్టినట్టు వట్టు." "మనసుల కోపమున్నప్పుడు కొట్టకు, ఊపిరి ఇడిచి కొట్టు." "పోయిన దెబ్బ పోయింది, దాన్ని ఎంట తోల్కరాకు." చిన్నదొర ఎటో గుట్టల వైపు చూస్తూ వినేవాడు. ఆయనకు అంతా తెలుసు. తెలుసని మాకు తెలుసు. ఒకసారి మాత్రం నా వైపు తిరిగి, "మీ నాయిన నిన్ను శాన తిడ్తడే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాయిన వేళ్లు ఆముదం చెంబు అంచుకు బిగుసుకుపోయాయి.

నిజం చెప్పాలంటే నా సొంత దెబ్బ వేరే ఉండేది. గడిలో ఇంకా ఎవరూ లేవక ముందు, నాయిన ఇసుకలో నూనె పోసి తొక్కుతుండగా, నేను దూరంగా పోయి తుమ్మ బంతులు కొట్టేదాన్ని. మంచు పడ్డ నేల, చల్లటి ఇనుము, తల దించుకున్న నా కళ్ల ముందు మట్టి మాత్రమే. కొట్టినప్పుడు చేతుల్లో దెబ్బే తెలిసేది కాదు. బంతి ఎక్కడ పడిందో మోతను బట్టి తెలిసేది, తాటి మట్ట మీద పడితే ఒక తీరు, బండ మీద పడితే ఒక తీరు. అంత సంతోషం నాకు మళ్లీ దేనితోనూ కలగలేదు. ఒకనాడు తల తిప్పి చూస్తే నాయిన పని ఆపి నన్నే చూస్తున్నాడు. బాగుంది అంటాడనుకున్నాను. దగ్గరికి వచ్చి, మెల్లగా, "గది వాని ముంగట కొట్టకు" అన్నాడు. అంతే అన్నాడు.

దసరాకు ముందు వచ్చే సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఆట పెట్టారు. వాడ పిల్లలంతా తంగేడు పూలకు గుట్టకు పోయారు, నేను గడి వెనక కర్రల సంచి పక్కన నిలబడ్డాను. పెళ్లికొడుకు తెల్ల బట్టల్లో, మంచి బూట్లతో, చులాగ్గా ఆడాడు. చిన్నదొర చెమటలు కక్కుతూ ఆడాడు. ఐదు గుంటలకు ఇద్దరూ సమానం. ఆరో గుంటలో పెళ్లికొడుకు బంతి కుండ అంచు దాకా వచ్చి పక్కకు పోయింది, ఇంకో దెబ్బతో లోపల వేశాడు. ఇక చిన్నదొర నాలుగడుగుల దూరం నుంచి ఒక్క దెబ్బలో వేస్తే గెలుపు.

నేను కుండ పక్కన ఎర్ర గుడ్డ కట్టిన వెదురు పట్టుకుని నిలబడ్డాను. ఆయన బంతి ముందు వంగాడు. ఉత్తి కర్ర ఊపి చూసుకున్నాడు. తల లేచింది. మళ్లీ ఊపాడు. మళ్లీ లేచింది. దొర కుర్చీలో ముందుకు జరిగాడు. నాయిన నా వైపు చూశాడు. నా చేతిలో కర్ర లేదు; నేను కొట్టి చూపించే వంతు కాదు; ఏం చెయ్యాలో తెలియక, గడి పక్కన ఎడ్లు విప్పి నిలిపిన పెళ్లికొడుకు బండి వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ బండిలోనే నేను పోవాలి అనుకుంటున్నాను.

నాయిన కుంటుకుంటూ వచ్చాడు. చెంప పగిలినట్టు కొట్టాడు.

"తలకాయ దించు! యాడ జూస్తున్నవే! దించు తలకాయ!"

అంతకు ముందు ఆయన నా మీద చెయ్యి ఎత్తలేదు. నూనె చెయ్యి, ఇసుక గరుకు, చెవిలో హోరు. అందరూ ఉలిక్కిపడ్డారు. పెళ్లికొడుకు, "ఏమైంది, పాపం పిల్లనెందుకు కొట్టినవ్?" అన్నాడు. "దిక్కులు సూస్తాంది బాంచెన్, ఆటకు అడ్డమని" అన్నాడు నాయిన చేతులు కట్టుకుని. నేను తల దించుకున్నాను. ఆ హోరులోనే కుండలో టక్కున చప్పుడైంది. తల ఎత్తేసరికి చిన్నదొర ఇంకా నేలనే చూస్తూ ఉన్నాడు.

దొర పకపకా నవ్వి కొడుకు వీపు తట్టాడు. మా వైపు తిరక్కుండానే, "ఉండనియ్యి నీ పోరిని" అన్నాడు.

ఆ సాయంత్రం బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే వాడ ఆడవాళ్లు నా చెంప మీద ఐదు వేళ్లు చూసి, ఏమైందే అని అడిగారు. మా అమ్మ రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు నా నోట్లో పెడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ ఉంది. నాయిన ఇంట్లోంచి బయటకు రాలేదు.

మాఘంలో బండి పోయింది. ఖాళీగా పోలేదు. నా బదులు మా పక్కింటి ఎంకమ్మ పోయింది, నాకన్నా ఏడాది చిన్నది. సీతాఫలాలు ఇద్దరం ఒకే గడ్డిలో మాగబెట్టుకున్నవాళ్లం. బండి మలుపు తిరిగేదాకా అది వెనక్కి తిరిగి మా ఇంటి వైపే చూసింది. నేను ఉంటానంటే ఎవరో ఒకరు పోతారన్న సంగతి మా ఇంట్లో ఎవరూ ఆలోచించలేదా, ఆలోచించి ఊరుకున్నారా? నేను అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ తర్వాత రెండేళ్లకు ఊళ్లన్నీ దొరల మీద లేచి, రోజులు తిరగబడ్డాయి. దొర కుటుంబం రాత్రికి రాత్రి పట్నం పోయింది, మా వాళ్లు మొదటిసారి చెప్పులేసుకుని గడి ముందు నుంచి నడిచారు. ఒకనాడు నాయిన చూరులో కర్ర తీసి, నన్ను ఆ బీడుకు తోల్కపోయాడు. ఇసుక చాపలు వానకు కొట్టుకుపోయి ఉన్నాయి. తుమ్మ బంతి పెట్టి, "ఇప్పుడు నీది కొట్టు బిడ్డా" అన్నాడు. కొట్టాను. తల లేచింది. బంతి కప్పలా గంతులేసింది. ఇంకోటి పెట్టాడు, అంతే. పది కొట్టాను. పదీ చిన్నదొర దెబ్బలే. దొర తప్పు అన్నన్ని రోజులు చేసి చేసి నా మెడలో అది పాతుకుపోయింది, నా దెబ్బ ఎటు పోయిందో పోయింది. "నీది ఏదీ?" అన్నాడు నాయిన. ఆ తర్వాత నేల మీద కూలబడి, నా చెంప పట్టుకుని, చిన్న పిల్లవాడిలా ఏడ్చాడు.

ఇప్పుడు ఆ బీడంతా ప్లాట్లు. ఆముదం చేలు లేవు, తాటిచెట్లు లేవు, ఆముదం ఆడించే గానుగ లేదు, గడిలో సగం గోడలే మిగిలాయి. ఎంకమ్మ సంగతి ఎవరికీ తెలియదు. నాయిన కర్ర ఏ చెదలు తిన్నాయో, ఏ పొయ్యిలో పోయిందో నాకు తెలియదు.

మా మనవరాలు గోల్ఫు నేర్చుకుంటోంది. మొన్న నన్నూ తీసుకుపోయింది. కోచ్ ఒకాయన దాని మోచెయ్యి పట్టుకుని సరిచేస్తున్నాడు, తప్పును తప్పు అంటున్నాడు, బాగా పడితే భేష్ అంటున్నాడు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నేను అటే తల తిప్పి చూశాను. చివర్లో అది వచ్చి, "నువ్వూ ఒకటి కొట్టు అమ్మమ్మా" అని తేలికైన కర్ర నా చేతిలో పెట్టింది. పిట్టపిల్లను పట్టినట్టు పట్టుకున్నాను. ఊపిరి వదిలాను. కొట్టాను.

"తల ఎత్తేశావు అమ్మమ్మా!" అని నవ్వింది.

ఆ తప్పు నాది కాదని చెప్పబోయి ఊరుకున్నాను. చెంప వేడెక్కింది.

"ఇంకోటి పెట్టు బిడ్డా" అన్నాను.