అన్న నింపే పొగ

మా అన్నకు బీదర్‌లోని వాయుసేన విన్యాసాల బృందానికి బదిలీ అయిందని తెలియగానే, అతను విమానాన్ని తలకిందులుగా నడుపుతాడని మా ఊరు పాన్‌గల్‌లో అందరూ నిశ్చయించుకున్నారు. అన్న చేసేది ఆ పని కాదు. ఆకాశంలో తొమ్మిది హాక్ విమానాలు వదిలే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పొగ కోసం వాటి ట్యాంకుల్లో డీజిల్, రంగు నింపుతాడు.

సెలవుకు వచ్చినప్పుడు అన్న ఈ సంగతి నాయనకు చెప్పాడు.

"మన ట్రాక్టరుకు పోసే డీజిలేనా?" అని అడిగాడు నాయన.

"గదే నాయనా."

"దాన్ని పొగకు పోస్తరా? ఏం దున్నకుంటనే?"



ఆ ఏడే గట్టు అనే ఊరి నుంచి సంబంధం వచ్చింది. వాళ్లు విత్తన పత్తి పండిస్తారు. చేను పనంతా అమ్మాయే చూసుకుంటుంది. వాళ్ల నాయన మా ఇంట్లో కూర్చోగానే అడిగాడు.

"మీ పిల్లగాడు ఇమానం తలకిందులు తిప్పుతడంట గద. పడితె మా పిల్ల గతేంది?"

"మావోడు పైకి పోడన్నా, కిందనే ఉంటడు" అంది అమ్మ.

ఆయన ఊపిరి పీల్చుకుని సగం చాయ్ తాగాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

"పైకి పోకుంటె గదేం ఇమానాల నౌకరి అమ్మా?"

ఆ పని కళ్లారా చూస్తే గానీ మాట ఇవ్వనన్నాడు. చలికాలంలో హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ మీద విన్యాసాలున్నాయని తెలిసి బస్సెక్కాం. ఆయన, అమ్మాయి, అమ్మ, నేను. వేరుశనగకు నీళ్లు పెట్టాలని నాయన ఆగిపోయాడు. అమ్మ అన్న కోసం జొన్నరొట్టెలు మూటగట్టింది.

చెరువు గట్టున జనం మధ్య నిలబడి అన్నకు ఫోన్ చేశాను.

"యాడున్నవన్నా?"

"బీదర్ల. ఇమానాలు ఈడికెల్లి లేసి మల్ల ఈడికే వస్తయ్. నాకు హైద్రాబాద్‌ల ఏం పని?"

అమ్మాయి నాయనకు చెప్పాను. "పిల్లగాని పని చూద్దమని వస్తె పిల్లగాడే లేడా బిడ్డా" అన్నాడు.

అంతలో చప్పుడు. తొమ్మిది విమానాలు బాణం మొనలా, రెక్క రెక్కకు తగులుతుందా అన్నంత దగ్గరగా వచ్చాయి. తర్వాత రెండు ఎదురెదురుగా దూసుకొచ్చాయి. ఆయన రెయిలింగ్ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"పోయిండ్రా?"

"పోలే నాయనా, దాటిండ్రు" అంది అమ్మాయి.

ఒక విమానం వెల్లకిలా వెళ్లింది. "వాళ్ల అమ్మలు గూడ చూస్తుంటరా?" అని అడిగింది అమ్మ.

చివర్లో మూడు రంగులూ ఆకాశమంతా పరుచుకున్నాయి.

"గా పొగ మా కొడుకు నింపిందే" అని అమ్మ పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పింది.

"పైలటా అమ్మా?"

"కాదు. డీజిల్ పోస్తడు."

ఆ మనిషి జరిగి, అమ్మకు రెయిలింగ్ దగ్గర చోటిచ్చాడు.

తిరుగు బస్సులో ఆ రొట్టెలు మేమే తిన్నాం. జడ్చర్ల దాటాక వాళ్ల నాయన అమ్మాయిని అడిగాడు, "ఏమంటవ్ బిడ్డా?"

"పైన తిరిగేటోడైతె నాకొద్దు. కింద ఉండేటోడే గద, సరే."

"గా మాట ఇంట్ల కూసోని చెప్తె అయిపోతుండె గద" అన్నాడాయన. ఇక ఊరొచ్చే దాకా నిద్రపోయాడు.

ఎండాకాలంలో పెళ్లయింది. ఇప్పుడు వాళ్లు బీదర్‌లో, క్వార్టర్స్‌లో ఉంటారు. సాధన జరిగినన్ని రోజులూ విమానాలు ఇంటి మీదుగానే తిరుగుతాయట.

"బయటికొచ్చి చూస్తవా వదినా?" అని మొన్న ఫోన్లో అడిగాను.

"మొదట్ల చూసిన. ఇప్పుడు చప్పుడు ఆగినంక మీ అన్నకు ఫోన్ చేస్త. అందరు దిగిండ్రంటె బియ్యం పొయ్యి మీద పెడత."