సోమారం పూట కేంటీన్ సంచి

నాను నాలుగో కలాసు వరకే సదివినాను. రాత బాగోదు, అచ్చరాలు తప్పులుంటాయి, ఏటీ అనుకోకండి. మా అమ్మాయి "నువ్వు సెప్పీదే రాయమ్మా" అని పుస్తకం సేతిలో ఎట్టీసింది.

మా ఆయన మిలటరీలో సేసి వొచ్చీసినాడు. నాను ఫిషింగ్ హార్బర్లో సేపలమ్ముతాను. పొద్దున్నే గంపలు మొయ్యడానికి నాతో వొచ్చీవోడు. ఓరోజు లారీ మీంచి ఐసు దిమ్మ దబ్బుమని పడింది. అంతే, గంప ఒగ్గీసి నేల మీద బోర్లా పడుకుండిపోనాడు. అందరూ నవ్వినారు. అప్పట్నుంచి ఇల్లు కదల్నేదు. నిద్దర నేదు, మాట నేదు. మనిషి ఇలాగే అయిపోతాడేమోనని నాకు బెంగ.

మాజీ మిలటరీవోళ్ల ఆస్పత్రిలో ఇలాటిదానికి డాక్టరున్నాడు. కార్డుంది, బస్సుంది. అయినా ఎల్లడు.

"ఆ గది ముందల కూకుంటే మావోళ్లు సూత్తారే. మా సుబేదార్ సాబ్‌కి తెలిత్తే పిచ్చోణ్ణయిపోనాననుకోడూ?" అన్నాడు. సాబ్ అంటే మిలటరీలో ఈయన మీద పెద్దాయన. ఈ ఊళ్లోనే ఉంటాడు.

"మావా, మిలటరీ కేంటీన్ పక్కనే కదా ఆస్పత్రి. సంచట్టుకుని ఎల్దుము. ఎవులడిగినా సబ్బులు కొనడానికని సెప్పు" అన్నాను. ఒప్పుకున్నాడు. నా తెలివికి నానే మురిసిపోనాను.

ఎల్లి సూత్తే ఏటి, డాక్టరు గది ముందల బల్ల మీద ఆ సుబేదార్ సాబే! ఒళ్లో ఖాళీ సంచి. మా ఆయన ఎనక్కి తిరిగినాడు గానీ సాబ్ సూసీసినాడు.

"ఏరా, ఎక్కడికి?"

"కేంటీన్‌కి సాబ్. సబ్బులికి."

"ఈయాల సోమారం. కేంటీన్ మూసుంటాది కదరా."

నాను సంచి ఎనక్కి దాసీసినాను. మా ఆయన మెల్లిగా "మరి మీరో సాబ్?" అన్నాడు.

"నానూ సబ్బులికే! మూడు నెల్లనుంచి సోమారం సోమారం ఇక్కడికే వొత్తన్నాను" అని పకపకా నవ్వీసినాడు. "దీపావళికి మంచం కింద దూరీవోణ్ణిరా. మా మనవరాలు ఆటనుకుని నాతోపాటు దూరీసీది. కూకో."

మా ఆయన కూకున్నాడు. పేరు పిలిత్తే లోనికెల్లినాడు కూడాను.

ఇప్పటికీ టైరు పేలితే ఉలిక్కిపడతాడు. గానీ నన్ను ఆస్పత్రికి రావొద్దంటన్నాడు, ఆడోళ్లుంటే మాటలు సాగవంట. ఇద్దరూ ఆ గది ముందలే కూకుని గట్టిగా నవ్వుతారంట, నర్సమ్మ కేకలేత్తాదంట.

ఇదేనండి నాను రాసింది. తప్పులుంటే మీ ఇంట్లో ఆడమనిషి రాసిందనుకుని ఒగ్గీయండి.