తెనిన్ నవ్వకుండా అడిగిన మాట

తెనిన్ నా సవతి, ద్యారాల ఇంటి ఆడపడుచు. ఆమెకు కాలు ఒకచోట నిలవదు. తన వంతు వంటరోజున కూడా ఎసరు పొయ్యి మీద పడేసి ఎవరింటికో పరుగెత్తుతుంది. అడుగంటిన సంకటి తిని మా ఆయన తిట్టేది మాత్రం నన్ను. పోనీ జీతమా, భత్యమా? అడిగితే "బడి సంఘం అక్కా" అంటుంది. సెగూ పట్నంలో కొందరు టీచర్లు, నర్సులు, పైదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్ళు కలిసి, సొంత ఖర్చులతో నడిపే సంఘం అది. మా ఊళ్ళో బడి ఆరో తరగతితో ఆగిపోతుంది. ఆపైన చదివే ఆడపిల్లల కోసం వాళ్ళు పట్నంలో ఒక ఇల్లు తీసుకుని అన్నం పెడతారు. మా ఊరి పిల్లల్ని ఆ ఇంటిదాకా చేర్చే బాధ్యత తెనిన్ నెత్తినేసుకుంది. ఆమె వంట నా నెత్తిన పడింది.

ఆ ఏడు ఆరో తరగతి గట్టెక్కిన ఆడపిల్ల న్యెలే ఒక్కతే. వాళ్ళ నాన్న ద్రిస్సా త్రావోరే మాత్రం పిల్లను రాజధాని బమాకోకు పంపే ఏర్పాట్లలో ఉన్నాడు. మా వైపు ఆడపిల్ల మహానగరంలో ఎవరింట్లోనో అంట్లు తోమి, పెళ్ళినాటికి గిన్నెలూ దుప్పట్లూ తానే సంపాదించుకు రావాలి. తీసుకుపోవడానికి మేనత్త దిగింది. తెల్లారితే బస్సు.

తెనిన్ వారం రోజులుగా ఆ ఇంటిచుట్టూ తిరుగుతూనే ఉంది. ఒక చిక్కుంది. ద్యారాలకూ త్రావోరేలకూ తాతలనాటి నుంచి ఎకసెక్కపు వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి, కోపం తెచ్చుకోకూడదు, ఒకరు అడిగింది ఇంకొకరు కాదనకూడదు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ వరసలో ఏ మాటన్నా పరాచికం కిందే పోతుంది.

"పిల్లను బడికి పంపు ద్రిస్సా" అని ఈమె అంటే, "ముందు నువ్వు మెక్కిన అలసందలు అరగనీవే! చదువుల సంగతి తర్వాత చూద్దాం" అంటాడు వాడు. ద్యారాలు అలసందల తిండిపోతులని త్రావోరేల వెక్కిరింత. వాకిట్లో అందరూ పడి పడి నవ్వేవాళ్ళు.

ఆ సాయంత్రం ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక, "కాసేపు కూర్చోవే తల్లీ" అన్నాను.

"నేను కూర్చుంటే బస్సు ఆగుద్దా అక్కా?" అని మళ్ళీ బయల్దేరింది. ఏం కొంప ముంచుతుందోనని నేనూ వెంటపడ్డాను.

ద్రిస్సా వాకిట్లో టీ కాచుకుంటున్నాడు. తెనిన్ సరాసరి వెళ్ళి న్యెలే చెయ్యి పట్టుకుంది.

"త్రావోరేలు మా బానిసలు. బానిస కూతురు నా సొత్తు. నా సొత్తు నేను తీసుకుపోతున్నా, అడిగేవాడెవడ్రా?" త్రావోరేలను బానిసలనడం ద్యారాల వంతు వెక్కిరింత.

"తీసుకుపో, తీసుకుపో! మీ ఇంట్లో అలసందలు మెక్కే నోరు ఇంకోటి పెరుగుద్ది!" ద్రిస్సా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టారు. మేనత్త ఒక్కతే నవ్వలేదు. పిల్ల తన మూట పట్టుకుని మా ఇంటికొచ్చింది.

పొద్దున మా వీధి చివర బస్సు హారన్ మోగేసరికి ద్రిస్సా, మేనత్త మా గుమ్మంలో ఉన్నారు.

"సరదా తీరిందిగా. ఇక పిల్లనియ్యి."

"బానిసలకి ఇచ్చేదేం లేదు, పో!"

ద్రిస్సా కాదనలేడు, కోపగించుకోనూలేడు. ఇంకాసేపు ఆగితే బస్సు వెళ్ళిపోతుందని నేను లోలోపల సంబరపడ్డాను. తెనిన్ మొహంలో మాత్రం గెలిచిన కళ లేదు. ఈ బస్సు పోతే ఇంకో బస్సు. ఎకసెక్కానికి ఇచ్చిన పిల్లను తండ్రి ఎకసెక్కంగానే వెనక్కి తీసుకుపోతాడు. చదువేమో ఏళ్ళ తరబడి సాగాలి.

ఉన్నట్టుండి ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.

"ద్రిస్సా అన్నా, నేనిప్పుడు నవ్వట్లేదు. నేను ద్యారానీ కాదు, నువ్వు త్రావోరేవీ కాదు. పిల్లను చదువుకోనియ్యమని అడుగుతున్నా. కాదంటే ఇప్పుడే బస్సెక్కించుకో, అడ్డం రాను."

వరస పక్కన పెట్టి అడిగితే వాడు నిక్షేపంగా కాదనొచ్చు. చేతికొచ్చిన పిల్లను చేజేతులా వదులుకుంటావేమే అని నోటిదాకా తిట్టు వచ్చింది.

"లేవవే, జనం చూస్తున్నారు" అన్నాడు ద్రిస్సా. ఆమె లేవలేదు.

"రేపు పెళ్ళికి గిన్నెలెవరు కొంటారంట, ఈవిడా?" అంది మేనత్త.

ద్రిస్సా కూతురి వైపు తిరిగి, "నువ్వేమంటావే?" అన్నాడు. మా ఊళ్ళో ఏ తండ్రీ ఆడపిల్లను అలా అడగ్గా నేను వినలేదు. పిల్ల మూట చంకన పెట్టుకుని, బస్సు వైపు కాకుండా మా గదిలోకి నడిచింది.

ద్రిస్సా డ్రైవరుకు పొమ్మని చెయ్యి ఊపాడు. మేనత్త శాపనార్థాలు పెడుతూ ఒక్కతే బస్సెక్కింది. అప్పటికిగాని తెనిన్ మోకాళ్ళ మీంచి లేవలేదు.

"తెనిన్, దానికేమన్నా అయితే నిన్నే అడుగుతా. నవ్వుతూ అడగను" అన్నాడు ద్రిస్సా.

"అడుగన్నా" అంది తెనిన్.