ద్వాలి చెయ్యి చెప్పిన సాక్ష్యం

మహబూబాబాద్ కొత్తగా జిల్లా అయిన మరుసటి ఎండాకాలంలో నన్ను అక్కడికి ఎముకల వైద్యుడిగా బదిలీ చేశారు. వారానికొకరోజు వైకల్య ధ్రువపత్రాల కోసం వచ్చేవారిని పరీక్షించి, ఎంత శాతమో రాయడం కూడా నా పనే.

ఒక రోజు నెల్లికుదురు దగ్గరి తండా నుంచి ద్వాలి అనే మహిళా రైతు వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. మిర్చి బస్తాల ట్రాక్టర్ మీంచి పడి కుడి దండచెయ్యి, అంటే మోచేతికి పైభాగం, విరిగిందట. ఎముక అతికింది గానీ మణికట్టు వాలిపోయింది. చెయ్యి చాపితే పంజా కిందికి వేలాడుతోంది.

వేళ్లు లేపమన్నాను. లేస్తలేవంది. మణికట్టు కింద నా చెయ్యి ఆనించి మళ్లీ అడిగితే, వేళ్ల చివరి కణుపులు చక్కగా సాగాయి. నటిస్తోందనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను.

ఆమె తొణకలేదు. "మీరు పట్టుకుంటే సాగుతున్నయి, ఇడిస్తే పడుతున్నయి. ఎందుకో నాకేం ఎరుక సారు, మీరే చెప్పాలె" అంది.

నిజమే, చెప్పవలసింది నేనే. ఆమెను కాసేపు బయట కూర్చోమని, చదువుకున్నదంతా తిరగేసుకున్నాను. మణికట్టునూ వేళ్ల మొదళ్లనూ లేపేవి ముంజేతి వెనక కండరాలు. వాటిని కదిలించే రేడియల్ నరం దండచేతి ఎముకను చుట్టుకుని దిగుతుంది కనుక ఆ ఎముక విరిగితే దెబ్బతినవచ్చు. వేళ్ల చివరి కణుపుల్ని సాగదీసేవి మాత్రం అరచేతిలోని చిన్న కండరాలు. వాటి నరం వేరు, దారి వేరు. మణికట్టుకు ఆసరా దొరికితేనే వాటి పని బయటికి కనిపిస్తుంది. నటించేవాళ్లకు ఈ తేడా తెలియదు, వేళ్లన్నీ వదిలేస్తారు.

మళ్లీ పిలిచాను. బొటనవేలు పైకి పెట్టి మోచెయ్యి మడవమని, నేను వెనక్కి లాగాను. మోచెయ్యి బలంగానే మడిచింది. కానీ ముంజేతికి బొటనవేలి వైపున తాడులా లేవాల్సిన కండరం మెత్తగా ఉండిపోయింది. అదీ రేడియల్ నరం కదిలించేదే. ఆ ఒక్కదాన్నే కావాలని వదిలేయడం ఎవరి తరమూ కాదు.

తప్పు నాదేనని ఆమెతో చెప్పాను. అయితే నరం కోలుకునే అవకాశం ఉన్నందువల్ల అప్పుడే శాశ్వత వైకల్యమని రాయలేనన్నాను. మణికట్టును నిలబెట్టే పట్టీ కట్టి, ఆరు వారాలాగి రమ్మన్నాను.

"అబద్ధం కాదంటరు, కాయితం ఇయ్యనంటరు. గిదేం లెక్క సారు? ఎడమచేత్తోటి ఎన్నొద్దులు ఎల్లదీయాలె?"

నరం తెగిపోయి ఉంటే ఆపరేషన్ కావాల్సి వస్తుందని కూడా దాచకుండా చెప్పాను. ఆమె పట్టీ ఉన్న చేతిని ఎడమచేత్తో పట్టుకుని వెళ్లింది.

ఆరు వారాలకు వచ్చి, "ఏం మారలే సారు, గట్లనే ఉన్నది" అంది. పట్టీ విప్పితే పంజా అలాగే వేలాడుతోంది. మోచెయ్యి మడవమన్నాను. మునుపు మెత్తగా ఉన్న చోట నా వేలి కింద ఏదో సన్నగా కదిలింది. ఆమె ఎడమచేతి వేలు తీసుకుని అక్కడ పెట్టాను. నరం పైనుంచి కిందికి పెరుగుతూ వస్తుందనీ, మోచేతి దగ్గరి కండరం ముందు, మణికట్టు తర్వాత కోలుకుంటాయనీ వివరించాను.

ఆమె చాలాసేపు మడిచి చూసుకుంది. "ఉడుత లెక్క కదులుతాంది" అంది మెల్లగా.

దసరా నాటికి మణికట్టు లేచింది. బొటనవేలు అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. ధ్రువపత్రం అవసరం పడలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, రోగి మాటకూ చెయ్యి తీరుకూ పొసగనప్పుడు ముందు శరీర నిర్మాణం గురించి నాకు తెలుసనుకున్నదాన్నే అనుమానించాను. చాలాసార్లు లోపం అక్కడే దొరికింది.