వీధి వాకిట అడ్డం నిలిచింది నేనే

పద్దెనిమిదేళ్ళుగా నా తప్పును ఊరి పేరు మీద దాచుకుని తిరుగుతున్నాను. ఊరు పెద్దది. ఎంత బరువు పెట్టినా మాట్లాడదు. ఇక దాని మీద పెట్టను. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళయితే ఓదార్చడానికి వస్తారు. నాకది వద్దు.

నేను చిన్నతనంలోనే భర్త పోయినదాన్ని. కర్నూలు జిల్లాలో ఒక చిన్న ఊరి ఆడపిల్లల బడిలో టీచరుగా పనిచేశాను. ఇంట్లో నేనూ, నేను పెంచిన చెల్లెలూ, ఇద్దరమే. తాలూకా బోర్డులు ఇంకా ఉన్న రోజులవి. చదువు వచ్చిన ఒక పిల్లను కర్నూలు పెద్దాసుపత్రికి పంపి, పురుడు పోసే పని శాస్త్రప్రకారం నేర్పించి, తిరిగి మా ఊళ్ళోనే ఉద్యోగం ఇవ్వాలని మా బోర్డు తలపెట్టింది. అలాంటి మనిషి మా చుట్టుపక్కల ఒక్కతీ లేదు. కాన్పు కష్టమైతే బండి కట్టుకుని డోన్ చేరాలి, అక్కడ కర్నూలు రైలు పట్టుకోవాలి. బండి లేని ఇళ్ళలో ఏమయ్యేదో నేను ఏనాడూ అడగలేదు.

పేరు సూచించమంటే రూతమ్మ పేరు రాసిచ్చాను. ఊరి బయట పాలెంలోని క్రైస్తవ కూలివాళ్ళ బిడ్డ. ఒకసారి తోటిపిల్ల కాలు చీరుకుపోయి బడంతా అరుస్తుంటే, తాను మాత్రం నీళ్ళు తెచ్చి, గాయం కడిగి, కట్టు కట్టి, మళ్ళీ వెనక వరసలో తన చోటికి వెళ్ళి కూర్చుంది. విడిగా కూర్చునేది. విడిగా కూర్చోబెట్టింది నేనే.

వారం తర్వాత బోర్డు మెంబరు బడికి వచ్చాడు. ముసలి రెడ్డి, సేద్యగాడు. కుర్చీ వేస్తే వద్దని అరుగు మీదే కూర్చున్నాడు.

“టీచరమ్మా, ఈ పిల్లను మా ఇండ్లల్లో ఆడోళ్ళు రానిస్తారా? మొగోన్ని, నాకేం తెలుస్తాది? మా ఇంట్లో అడిగితే చాట ఎత్తుకుని ఎంటబడ్య.”

నేను నవ్వాను.

“నగొద్దమ్మా. ఒకే మాట అడుగుతాండా. నీ చెల్లెలికి రేపు పురుడొస్తే ఈ పిల్లను పిలుస్తావా? పిలుస్తానను, ఈడనే సంతకం పెడతా.”

“ఊరు ఒప్పుకోదు, పెద్దాయనా.”

“ఊరి సంగతి నేను సూసుకుంటా. నీ ఇంటి సంగతి చెప్పు.”

“ఊరు ఒప్పుకోదు,” అన్నాను మళ్ళీ.

ఆయన నేను రాసిచ్చిన కాయితం బయటికి తీశాడు. “సదువుకున్నోళ్ళు శానా తెలివైనోళ్ళు తల్లీ. కాదని నోటితో అనరు. ఊరి మీదికి నెడతారు.” పేరు కొట్టేశాడు. మా ఊరి నుంచి ఇంకెవరూ లేకపోవడంతో ఆ చోటు వేరే ఊరికి పోయింది.

ఊరు ఒప్పుకోదని నాకెలా తెలుసు? ఒక్క ఆడదాన్నయినా అడిగానా? లేదు. పురిటిల్లు పదిరోజులు ఎలాగూ అంటు. ఇంట్లోవాళ్ళే ఆ గదిలోకి పోరు. పురుడు పోసే ముసలమ్మను ఎవరూ వంటింట్లోకి రానివ్వరు గానీ, కాన్పు గదిలోకి మాత్రం చేతులు పట్టుకుని తీసుకుపోతారు. కాబట్టి నా అడ్డంకి అంటు కాదు. ఆ ముసలమ్మ దొడ్డి వాకిట్లోంచి వచ్చి దొడ్డి వాకిట్లోంచే పోయేది. రూతమ్మ అయితే సంచి చేతపట్టుకుని వీధి వాకిట్లోంచి వస్తుంది. ఆమెకు కుర్చీ వెయ్యాలి. ఆమె చెప్పినట్టు నేను వినాలి. నా వెనక వరసలో కూర్చున్న పిల్ల! అదే నాకు మింగుడు పడలేదు. ఇంతకన్నా గొప్ప కారణం ఏదీ లేదు. ఉంటే బాగుండేది.

రూతమ్మతో, వయసు చాలదని పైనుంచి రాశారని చెప్పాను. “పోనీలే టీచరమ్మా, నా కోసరం శానా తిరిగినారు,” అంది. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్ళకు, అప్పటికి పెళ్ళయి వెళ్ళిన చెల్లెలు పురిటికి నా దగ్గరికి వచ్చింది. నొప్పులు రెండు రోజులు. బిడ్డ పుట్టింది, నెత్తురు నిలవలేదు. ముసలమ్మ తనకు తెలిసినవన్నీ చేసింది, ఆమెను ఎవరూ ఏమీ అనడానికి లేదు. బండి కట్టించాను. డోన్ చేరకముందే, నా ఒళ్ళోనే, చెల్లెలు పోయింది.

రూతమ్మ ఉంటే బతికేదా? చెప్పలేను. చెప్పలేకపోవడమే నా బతుకు.

విధి అన్నారు. కాదు. చేసినదానికి శిక్ష అని మీలోనూ కొందరు అనుకుంటారు. అదీ కాదు. పాపం నేను చేస్తే చచ్చింది నా చెల్లెలు. అది ఏ దేవుడి న్యాయం? ఆ కాలం అలాంటిదని కూడా నాకు చెప్పకండి. ఆ కాలంలోనే ఒక ముసలి రైతు నా అరుగు మీద కూర్చుని సూటిగా అడిగాడు. అసలు నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే ఉంది. చెల్లెలు బతికి ఉంటే, ఇది నాకు తప్పుగా కనిపించేదా?

మొన్న పాలెం వెళ్ళి రూతమ్మకు అంతా చెప్పాను. ఇంటి ముందు కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది. చేతులు ఆగలేదు.

“మా అక్క గూడా కాన్పులోనే పాయ,” అంది. “మీ చెల్లెలి కన్నా ముందే. మీకు తెలీదులే.”

తెలియదు. వీధికి అవతల జరిగిన చావు. నా బడిలోనే చదివిన పిల్ల అక్క. ఇన్నేళ్ళు నేను ఏడ్చింది ఒక్కరి కోసమే.

క్షమించమని అడగలేదు. ఆమె ఇవ్వనూ లేదు. నాకు కూర్చోమని పీట కూడా వెయ్యలేదు. సరిగానే చేసింది. నిలబడినదాన్ని నిలబడినట్టే వచ్చేశాను.

ఆ రోజు ఊరు కాదనలేదు. నేను కాదన్నాను. ఈ ఒక్క ముక్క నా చేత్తో రాయడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. రాశాను. తప్పు తగ్గలేదు. ఊపిరి మాత్రం కాస్త లోతుగా ఆడుతోంది.