అమ్మ పొయ్యికి పచ్చ స్టిక్కర్

ఈ రోజు పొద్దున ధరూర్ దగ్గర మా చేనికి ఒక ట్రాక్టర్ వచ్చింది, పీకేసిన పత్తి కట్టె కొనుక్కుపోవడానికి. ట్రాలీకి కట్టిన పచ్చ బ్యానర్ మీద 'హరిత ఇంధనం, కాలుష్యం లేని కరెంటు' అని రాసుంది. ఏటా ఆ కట్టెతోనే అమ్మ స్నానాల నీళ్లు కాగబెడుతుంది. ఆ పొగ మంచిది కాదు, మానెయ్యమని నేను ఏటా పోరుతుంటాను. అందుకే ఈసారి కట్టె మొత్తం అమ్మేద్దామన్నాను.

అమ్మ డ్రైవర్‌ను అడిగింది.

"గీ కట్టెను ఏం జేస్తరు బిడ్డా?"

"బాయిలర్ల కాలవెడ్తరు పెద్దమ్మా. ఆవిరితోని కరెంటు తీస్తరు."

"కాలవెడ్తె పొగ రాదా?"

"వస్తది. గని వచ్చే ఏడు మళ్ల పత్తి పెడ్తరు, కట్టె మళ్ల వస్తది గద. గందుకే హరితం అంటరంట."

"మా పొయ్యిల పెట్టేది గీ కట్టెనే. మేం కాలవెడ్తె పొగ, వాళ్లు కాలవెడ్తె హరితమా?"

డ్రైవర్ నవ్వి, సీటు కింద నుంచి ఒక పచ్చ స్టిక్కర్ తీసి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ రెండు మోపులు పక్కకు తీయించి, మిగతాది తీసుకుపొమ్మంది.

సాయంత్రం నేను గద్వాల నుంచి ఇంటికి వచ్చేసరికి స్టిక్కర్ పొయ్యి వెనక గోడకు అంటించి ఉంది. నీళ్లు మరుగుతున్నాయి, పెరడంతా పొగ.

"ఇప్పుడేమంటవ్?" అంది అమ్మ.

జవాబు తెలిసినవాళ్లు కింద రాయండి, కళ్లు తుడుచుకొని వచ్చి చదువుతాను.